అటల్ పెన్షన్ యోజన: తిరుపతి, చిత్తూరు జిల్లాల వారు దరఖాస్తు చేసుకునే విధానం

తిరుపతి రైల్వే స్టేషన్ నుంచి అలిపిరికి ఆటో తోలేవాళ్లు, గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టి అమ్మేవాళ్లు, లాడ్జీల్లో రూమ్ బాయ్‌లు, నగరి మరమగ్గాల కార్మికులు, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు సీజన్‌లో పనికెళ్లే ఆడవాళ్లు. వీళ్లలో చాలామందికి పీఎఫ్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు ఎలాగో గడిచిపోతుంది. 60 దాటాక కూడా నెలనెలా ఎంతో కొంత చేతికి రావాలంటే ఆ ఏర్పాటు ఇప్పుడే చేసుకోవాలి. ఇలాంటివాళ్లను దృష్టిలో పెట్టుకునే కేంద్ర ప్రభుత్వం 2015లో అటల్ పెన్షన్ యోజన తెచ్చింది. దీన్ని పింఛను నిధుల నియంత్రణ సంస్థ పీఎఫ్ఆర్‌డీఏ నడుపుతోంది.

"అరవై వస్తే రాష్ట్ర ప్రభుత్వం ఎట్లాగూ నాలుగు వేలు ఇస్తుంది కదా, ఇంక ఇదెందుకు?" అని చాలామంది అడుగుతారు. ఎన్టీఆర్ భరోసా కింద ఇచ్చే వృద్ధాప్య పింఛను సంక్షేమ పథకం. దానికి ఆదాయం, భూమి లాంటి అర్హతలు చూస్తారు. మీకు 60 వచ్చే నాటికి ఆ నిబంధనలు ఎలా ఉంటాయో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అటల్ పెన్షన్ మీ పేరున, మీరు కట్టిన డబ్బు మీద వచ్చేది. మీరు ఎంచుకున్న కనీస పింఛనుకు కేంద్రం హామీ ఉంటుంది. మొదటిది వస్తుందన్న ధైర్యంతో రెండోది వదులుకోవద్దని నా గట్టి సలహా.

ఎవరు చేరవచ్చు

వయసు 18 నుంచి 40 ఏళ్ల మధ్య ఉండాలి. బ్యాంకులో గానీ పోస్టాఫీసులో గానీ సేవింగ్స్ ఖాతా ఉండాలి. 2022 అక్టోబర్ 1 నుంచి ఆదాయపు పన్ను కట్టేవాళ్లను చేర్చుకోవడం లేదు. పన్ను కడుతూ కూడా చేరినట్టు తర్వాత తేలితే ఖాతా మూసేసి, అప్పటిదాకా జమైన సొమ్ము వెనక్కి ఇచ్చేస్తారు. ఒక మనిషికి ఒకే ఖాతా. భార్యాభర్తలిద్దరూ మాత్రం విడివిడిగా చేరవచ్చు. ఇద్దరూ కూలికి వెళ్లే ఇంట్లో ఇద్దరూ చేరడమే మంచిది. పీఎఫ్ ఉన్నవాళ్లు చేరకూడదన్న మాట కొందరు చెబుతుంటారు గానీ అది నిజం కాదు, చేరవచ్చు.

40 దాటినవాళ్లకు ఇందులో చోటు లేదు. వాళ్లు నేషనల్ పెన్షన్ సిస్టం గురించి బ్యాంకులో అడగాలి. 60 నిండి, చేతిలో కొంత మొత్తం ఉన్నవాళ్లకు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీం ఉంది. అందులో 30 లక్షల దాకా పెట్టవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది.

ఎంత పింఛను, ఎంత కట్టాలి

నెలకు 1,000, 2,000, 3,000, 4,000, 5,000 రూపాయలు. ఈ ఐదింటిలో ఒకటి ఎంచుకోవాలి. 60 ఏళ్లు నిండేదాకా కడుతూ పోవాలి కాబట్టి ఎవరైనా కనీసం 20 ఏళ్లు కట్టాల్సిందే. 5,000 పింఛను కావాలంటే 18 ఏళ్లకు చేరినవాళ్లు నెలకు 210 రూపాయలు కడితే చాలు. 25 ఏళ్లకైతే 376, 30 ఏళ్లకు 577, 35 ఏళ్లకు 902, 40 ఏళ్లకు 1,454. వెయ్యి రూపాయల పింఛను చాలనుకుంటే 18 ఏళ్లవాళ్లకు 42, 40 ఏళ్లవాళ్లకు 291.

ఈ అంకెలు కాసేపు నిదానంగా చూడండి. 18 ఏళ్లకు మొదలుపెట్టిన పిల్లవాడు 42 ఏళ్లు కట్టినా మొత్తం 1,05,840 రూపాయలే అవుతుంది. 40 ఏళ్లకు చేరిన వ్యక్తి 20 ఏళ్లలో 3,48,960 కట్టాలి. ఇద్దరికీ వచ్చేది అదే 5,000. ఇంట్లో ఇంటర్ అయిపోయి పనికి వెళ్తున్న పిల్లలుంటే, ముందు వాళ్ల చేత ఈ ఫారం నింపించండి.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే, 30 ఏళ్ల తర్వాతి 5,000కు ఇవాళ్టి లెక్కలో 900 రూపాయల విలువ కూడా ఉండదు. కాబట్టి ఈ ఒక్క పథకంతో ముసలితనం గడిచిపోతుందని అనుకోకండి. మందులకో బియ్యానికో ఆసరా అవుతుంది. దీంతోపాటు నెలనెలా కొంత జమ చేసే పోస్టాఫీసు ఆర్‌డీ అయినా, మరొకటి అయినా ఉండాలి.

దరఖాస్తు నింపడం

మీ సేవింగ్స్ ఖాతా ఎక్కడుందో ఆ బ్యాంకు బ్రాంచికి గానీ పోస్టాఫీసుకు గానీ వెళ్లాలి. పాస్‌బుక్, ఆధార్, ఖాతాకు లింక్ చేసిన నంబరున్న ఫోన్, భర్త లేదా భార్య ఆధార్, నామినీ వివరాలు వెంట ఉంచుకోండి. మన జిల్లాల్లో చాలామందికి సప్తగిరి గ్రామీణ బ్యాంకు ఖాతాలున్నాయి. 2025 మే 1న అది మరో మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. మీ దగ్గర పాత పేరుతో ఉన్న పాస్‌బుక్కే ఉంటే, ముందు దాన్ని బ్రాంచిలో అప్‌డేట్ చేయించుకుని, ఆ తర్వాత ఫారం మొదలుపెట్టండి.

2025 అక్టోబర్ 1 నుంచి కొత్త ఫారం మాత్రమే తీసుకుంటున్నారు. జిరాక్స్ షాపుల్లో పాత ఫారాలు ఇంకా దొరకవచ్చు, వాటికి డబ్బులు పెట్టకండి. ఫారం బ్యాంకులో ఉచితంగానే ఇస్తారు. కొత్తదాంట్లో మీరు వేరే దేశ పౌరులా, అక్కడ పన్ను కట్టేవాళ్లా అన్న డిక్లరేషన్ ఒకటి అదనంగా ఉంది. మనలో చాలామందికి అక్కడ కాదు అన్నదే జవాబు. గల్ఫ్‌కు వెళ్లొచ్చినవాళ్లు మాత్రం ఆ భాగాన్ని బ్యాంకు ఉద్యోగి చేత చదివించుకుని నింపితే మంచిది.

మొదట బ్యాంకు పేరు, బ్రాంచి, ఖాతా నంబరు రాయాలి. తర్వాత పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, ఆధార్. చిక్కు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌బుక్‌లో వెనక, రేషన్ కార్డులో ఒక్క అక్షరమే ఉన్నవాళ్లు మన దగ్గర వేలమంది. పుట్టిన తేదీ అసలు తెలియక జనవరి 1 అని వేయించుకున్నవాళ్లూ ఉన్నారు. బ్యాంకులో ఉన్న తేదీ, ఆధార్‌లో ఉన్న తేదీ ఒకటేనా అని చూసుకోండి. కట్టాల్సిన మొత్తం వయసును బట్టే లెక్కిస్తారు. ఇవాళ తేడా ఉన్నా పనైపోవచ్చు గానీ, 60వ ఏట పింఛను అడిగేటప్పుడు అదే అడ్డం పడుతుంది. ముందు దిద్దించుకుని చేరడమే మేలు.

పెళ్లయినవాళ్లు భర్త లేదా భార్య పేరు రాయాలి. మొదటి నామినీ వాళ్లే అవుతారు. పెళ్లి కానివాళ్లు అమ్మనో నాన్ననో మరొకరినో పెట్టుకుని, పెళ్లయ్యాక ఆ వివరాలు మార్పించుకోవాలి. నామినీ చిన్నపిల్లలైతే వాళ్ల పుట్టిన తేదీ, గార్డియన్ పేరు అడుగుతారు. ఆదాయపు పన్ను కడుతున్నారా అన్న గడిలో నిజమే రాయండి. చివర పింఛను మొత్తం, డబ్బు ఎన్ని నెలలకోసారి కట్ కావాలి అన్నది టిక్ పెట్టి, సంతకమో వేలిముద్రో వేస్తే సరిపోతుంది. ఫారం కింది భాగం చించి, బ్యాంకు ముద్రతో మీకు రసీదుగా ఇస్తారు. అది తీసుకోకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలకండి.

ఫోన్ వాడకం తెలిసినవాళ్లు తమ బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌లోనో యాప్‌లోనో చేరవచ్చు. ఆధార్ ఓటీపీతో ఈ-ఏపీవై అనే ఆన్‌లైన్ పద్ధతి కూడా ఉంది. ఓటీపీ చెప్పమని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం పెట్టేయండి. ఈ పథకంలో చేరడానికి ఎవరికీ ఫోన్లో ఓటీపీ చెప్పాల్సిన పని లేదు.

కొన్నాళ్లకు 12 అంకెల ప్రాన్ నంబరు మెసేజ్‌గా వస్తుంది. అదే మీ పింఛను ఖాతా నంబరు. పాస్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి. మెసేజ్ రాకపోతే రసీదు తీసుకుని బ్రాంచికి వెళ్లి అడగండి. అటల్ పెన్షన్ టోల్ ఫ్రీ నంబరు 1800 110 069.

డబ్బు కట్ అయ్యే తేదీ

ఫారం నింపడం ఒక పూట పని. తర్వాత ఏళ్ల తరబడి ఆ తేదీకి ఖాతాలో డబ్బు ఉంచడమే కష్టం, ఎక్కువమంది తప్పేదీ అక్కడే. డబ్బు ఆటో డెబిట్‌లో దానంతటదే కట్ అవుతుంది. ఖాతాలో లేకపోతే ఆ కంతు ఆగిపోతుంది, ఆలస్యానికి ప్రతి 100 రూపాయలకు నెలకు ఒక రూపాయి చొప్పున పడుతుంది. అది పెద్ద శిక్ష కాదు. కానీ నెలల తరబడి కట్టకపోతే నిర్వహణ ఖర్చులు మీ సొమ్ములోంచే పోతూ ఉంటాయి, నిల్వ సున్నాకు వస్తే ఖాతా మూతపడుతుంది.

అందుకే నెలకా, మూడు నెలలకా, ఆరు నెలలకా అన్నది ఊరికే టిక్ పెట్టే గడి కాదు. మీ చేతికి డబ్బు ఎప్పుడు వస్తుందో చూసి నిర్ణయించుకోండి. నెల జీతం ఉన్న లాడ్జీ ఉద్యోగికి నెలనెలా కట్ కావడం సులువు. పాల బిల్లు క్రమంగా ఖాతాలో పడే పల్లె ఆడవాళ్లకూ అంతే. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో జూన్ నుంచి ఆగస్టు దాకా పని ఉండి, తర్వాత పని పలచబడేవాళ్లకు ఆరు నెలల పద్ధతి నయం. 30 ఏళ్లవాళ్లు 5,000 పింఛనుకు ఆరు నెలలకోసారి 3,405 కట్టాలి. సీజన్ డబ్బు రాగానే రెండు కంతులకూ సరిపడా ఖాతాలో పక్కన పెట్టేయవచ్చు. ఏ నెలలో, ఏ తేదీకి కట్ అవుతుందో చేరేటప్పుడే బ్యాంకులో అడిగి తెలుసుకోండి. ఆటో తోలేవాళ్లకు వేసవి సెలవుల్లో, బ్రహ్మోత్సవాల రోజుల్లో రాబడి బాగుంటుంది, మధ్యలో ఖాళీ. వాళ్లకు మూడు నెలల పద్ధతి సరిపోవచ్చు.

మొదట్లోనే ఉత్సాహంగా 5,000 ఎంచుకుని, ఏడాదికే ఆపేయడం కంటే 2,000తో చేరి కొనసాగించడం నయం. ఏడాదికి ఒకసారి పింఛను మొత్తాన్ని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పెంచుకుంటే అప్పటిదాకా తక్కువ కట్టిన తేడాను వడ్డీతో కలిపి కట్టాలి.

మధ్యలో అవసరం పడితే తీసేసుకోవచ్చా అంటే, వీలుంది. 60కి ముందే మానేస్తే మీరు కట్టిన సొమ్ము, దాని మీద వచ్చిన ఆదాయం, ఖర్చులు పోను ఇస్తారు. పింఛను హామీ అక్కడితో పోతుంది. పెళ్లి ఖర్చుకో అప్పుకో దీన్ని తియ్యొద్దు. అలాంటి అవసరాల కోసం వేరే పొదుపు ఉంచుకోండి.

ఖాతాదారు పోతే, 60 నిండితే

ఖాతాదారు 60కి ముందే చనిపోతే, భర్త లేదా భార్య ముందు రెండు దారులు ఉంటాయి. జమైన సొమ్ము తీసుకుని ఖాతా మూసేయవచ్చు. లేదా చనిపోయినవారికి 60 వచ్చే నాటిదాకా తామే కడుతూ వెళ్లి, ఆ తర్వాత అదే పింఛను తీసుకోవచ్చు. దుఃఖంలో ఉన్నప్పుడు చాలామంది మొదటిదే ఎంచుకుంటారు. ఇంకా కట్టాల్సినవి కొద్ది ఏళ్లే అయితే, కట్టగలిగే స్థోమత ఉంటే, రెండోదాని గురించి బ్యాంకులో వివరంగా అడిగాకే సంతకం పెట్టండి.

60 దాటి పింఛను తీసుకుంటూ చనిపోతే అదే మొత్తం జీవిత భాగస్వామికి బతికున్నంత కాలం వస్తుంది. ఇద్దరూ పోయాక నామినీకి ఒకేసారి మొత్తం సొమ్ము ఇస్తారు. 1,000 పింఛనుకు అది 1.7 లక్షలు, 5,000కు 8.5 లక్షలు. భార్యాభర్తలతోపాటు పిల్లల్లో ఒకరి పేరు నామినీగా నమోదైందో లేదో చూసుకోమనేది ఇందుకే.

60 నిండిన రోజు నుంచి పింఛను దానంతటదే ఖాతాలో పడదు. మీరే మీ బ్రాంచికి వెళ్లి పింఛను మొదలుపెట్టమని దరఖాస్తు ఇవ్వాలి. ప్రాన్ నంబరు, ఆధార్, పాస్‌బుక్ వెంట తీసుకెళ్లండి. ఈ మధ్యలో ఊరు మారి వేరే బ్యాంకుకు వెళ్లి ఉంటే, అటల్ పెన్షన్ ఖాతా ఏ బ్రాంచిలో ఉందో 59వ ఏటే కనుక్కుని, ఫోన్ నంబరు, నామినీ వివరాలు సరిచేయించుకుని ఉండండి.