ఉబ్బే బంకమట్టి – మూడవ పాఠం: సూచిక ధర్మాలతో ఉబ్బు పీడనం అంచనా

గత పాఠంలో ద్రవ హద్దును, అంటే ముద్దగా ఉన్న మట్టి ద్రవంలా జారడం మొదలుపెట్టే తేమ శాతాన్ని, ఎలా కొలవాలో నేర్చుకున్నాం. నీరు పీల్చుకుని ఉబ్బబోయే మట్టిని ఏమాత్రం పెరగనీయకుండా అదిమి ఉంచడానికి కావలసిన పీడనమే ఉబ్బు పీడనం. దాన్ని ఇప్పుడు ద్రవ హద్దు, సాంద్రత, తేమ లాంటి సులువుగా కొలిచే సూచిక ధర్మాలతో అంచనా వేద్దాం.

ముందుగా ఒక విషయం మనసులో నాటుకోవాలి. ద్రవ హద్దు పరీక్ష కోసం మట్టిని ఆరబెట్టి, నలిపి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టి, నీటితో ముద్దచేస్తాం కనుక, వచ్చే అంకె మట్టిలోని ఖనిజాల స్వభావాన్ని తెలుపుతుందే తప్ప, నేలలో ఆ మట్టి ఎంత దట్టంగా, ఎంత పొడిగా ఉందో తెలుపదు. నీరు పీల్చుకుని బాగా ఉబ్బే ఖనిజమైన మాంట్‌మోరిల్లోనైట్ మెండుగా ఉన్న మట్టి అయినా, అప్పటికే తడిసి ఉబ్బి ఉంటే ఇక అది నెట్టగలిగేది కొద్దే. అందుకే ద్రవ హద్దు ఒక్కదానితోనే పీడనాన్ని తేల్చే సూత్రాలను నేను నమ్మను.

పొడి సాంద్రతనూ (నీటి బరువు వదిలేసి కట్టిన సాంద్రత) సహజ తేమనూ (నేలలో మట్టికి ఉన్న తేమ) కలుపుకున్న సమీకరణాన్ని కొమోర్నిక్, డేవిడ్ 1969లో ప్రచురించారు:

లాగ్ (ఉబ్బు పీడనం) = −2.132 + 0.0208 × ద్రవ హద్దు + 0.000665 × పొడి సాంద్రత − 0.0269 × తేమ

ఇది 10 ఆధారంగా గల లాగరిథం. ద్రవ హద్దు, తేమ శాతాల్లోనూ, సాంద్రత ఘనపు మీటరుకు కిలోగ్రాముల్లోనూ ఉండాలి. పీడనం చదరపు సెంటీమీటరుకు కిలోగ్రాముల్లో వస్తుంది. సాంద్రతను 1500 అని కాక 1.5 అని వేస్తే జవాబు దాదాపు పదో వంతుకు పడిపోతుంది, కాబట్టి యూనిట్లను రెండుసార్లు సరిచూసుకోండి.

ద్రవ హద్దు 70, సాంద్రత 1500, తేమ 20 అనుకుంటే కుడివైపు మొత్తం −0.2165 అవుతుంది, పీడనం 0.61, అంటే సుమారు 60 కిలోపాస్కల్‌లు. అదే మట్టి తేమ 12కు తగ్గితే పీడనం 1.0కి, సుమారు 98 కిలోపాస్కల్‌లకు చేరుతుంది. ఆరే మట్టి కుంచించుకుని సాంద్రత కూడా పెరుగుతుంది కనుక అసలు పెరుగుదల ఇంకా ఎక్కువే. కాబట్టి నమూనా తీసిన రోజు తేమతో సరిపెట్టుకోకుండా, ఆ నేల అత్యంత పొడిగా ఉండే కాలంలోని తేమతోనూ లెక్క కట్టి చూడాలి.

ఇది ప్రయోగ ఫలితాలకు అమర్చిన గణాంక సమీకరణం. పైగా లాగరిథంలో చిన్న తేడా పీడనంలో పెద్దదవుతుంది. ఏ నమూనాలను ఈడోమీటర్‌లో (మట్టిని పక్కలకు కదలనీయకుండా పైనుంచి అదిమి పరీక్షించే పరికరం) పరీక్షించాలో ఎంచుకోవడానికి వాడండి, పునాది రూపకల్పనకు మాత్రం కొలిచిన విలువనే తీసుకోండి.

అభ్యాసం: తేమను 12 వద్దే ఉంచి, సాంద్రతను 1600 చేసి పీడనం కట్టండి. ఈడోమీటర్‌లో కొలిచే పద్ధతి వచ్చే పాఠంలో.