కండోమ్ వాడినా భయం పోకపోతే ఏం చేయాలి

కండోమ్ వాడాను. చిరగలేదు, జారలేదు. అయినా నెలన్నర పాటు నాకు సరిగ్గా నిద్రలేదు. ఫోన్ టార్చ్ వేసి అద్దంలో నాలుక చూసుకునేవాణ్ణి, గంటకోసారి థర్మామీటర్ పెట్టుకునేవాణ్ణి, గ్రంథులు వాచాయేమోనని మెడ నొక్కుకునేవాణ్ణి. నొక్కగా నొక్కగా మెడ నిజంగానే నొప్పెట్టింది. ఆ నొప్పినే హెచ్‌ఐవీ లక్షణం అనుకున్నాను. మీరూ ఇప్పుడు అలాగే ఉంటే, నేను ఆలస్యంగా తెలుసుకున్నవి చెబుతాను.

ముందు జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాయండి. అందులో ‘ఒకవేళ’ అనే మాట రానివ్వకండి. కౌగిలి, ముద్దు, చేత్తో తాకడం వరకే అయితే హెచ్‌ఐవీ పరీక్షే అక్కర్లేదు. ఉమ్మి వల్లా చెమట వల్లా అది అంటుకోదు. నోటితో సెక్స్ అయితే హెచ్‌ఐవీ ముప్పు దాదాపు లేనట్టే గానీ గనేరియా, సిఫిలిస్, హెర్పిస్ లాంటి సుఖవ్యాధులు రావచ్చు. కండోమ్ చివరిదాకా ఉంటే హెచ్‌ఐవీ, గనేరియా, క్లమీడియాల నుంచి బాగా కాపాడుతుంది. అది కప్పని చోట చర్మం తగిలితే హెర్పిస్, సిఫిలిస్, పులిపిర్లు తెప్పించే హెచ్‌పీవీ వైరస్‌లకు కొంత అవకాశం ఉంటుంది.

కండోమ్ చిరిగిందని రాశారా? ఇక చదవడం ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పెప్ మందులు (హెచ్‌ఐవీ ఒంట్లో పాతుకోకుండా ఆపేవి) అవసరమని చెబితే 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి.

తర్వాత క్యాలెండర్ తీయండి. నేను నాలుగో రోజునే పరుగెత్తి టెస్ట్ చేయించుకున్నాను. నెగెటివ్ వచ్చినా గుండె కుదుటపడలేదు, అంత తొందరగా అది ఏమీ తేల్చలేదు కాబట్టి. ల్యాబ్‌లో నరం నుంచి రక్తం తీసి చేసే నాలుగో తరం హెచ్‌ఐవీ పరీక్ష వైరస్ భాగాన్నీ, దానికి ఎదురుగా ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీలనూ చూస్తుంది; కలిసిన రోజు నుంచి 45 రోజులకు దాన్ని నమ్మవచ్చు. యాంటీబాడీలు మాత్రమే చూసే ర్యాపిడ్ కిట్ అయితే 90 రోజులు ఆగాలి. గనేరియా, క్లమీడియాలకు సుమారు రెండు వారాలు చాలు. మీకు ఏవి కావాలో డాక్టర్‌ను అడిగి, తేదీ గుండ్రం చుట్టి పెట్టుకోండి. ఈలోగా సొంతంగా యాంటీబయాటిక్స్ మింగకండి. ఇంట్లో భాగస్వామి ఉంటే రిపోర్టు వచ్చేదాకా కండోమ్ వాడండి.

అన్నిటికంటే కష్టం, ఒంటి మీద చేయి వేయకుండా ఉండటం. చీము కారుతుందేమోనని నేను రోజుకు పదిసార్లు అంగాన్ని పిండి చూసేవాణ్ణి. కొన్నాళ్ళకు మూత్రంలో మంట మొదలైంది. వణుకుతూ వెళ్తే డాక్టరమ్మ మూత్ర పరీక్ష చేయించి, అంతా బాగుందని చూపించి, ‘రెండు రోజులు అక్కడ చేయి పెట్టకండి’ అన్నారు. రెండో రోజుకే మంట పోయింది. చూసుకోవాలనిపిస్తే స్నానం చేసేటప్పుడు ఒక్కసారి చూసుకోండి, చాలు. పుండు, పొక్కులు, చీము కనిపించినా, మంట తగ్గకపోయినా మాత్రం తేదీ కోసం ఆగకుండా వెళ్ళి చూపించుకోండి.

45వ రోజు నాకు నెగెటివ్ వచ్చింది. వారం తిరక్కుండానే మళ్ళీ టెస్ట్‌కు బయల్దేరాను. ల్యాబ్ మెట్ల దగ్గర ఆగి, డాక్టరమ్మ రాసిచ్చిన సైకాలజిస్టు నంబరుకు ఫోన్ చేశాను. నా లోపల రోగభయం కంటే సిగ్గే ఎక్కువగా ఉందని ఆయనతో మాట్లాడాకే తెలిసింది. ఆ రాత్రి గురించి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకూ రిపోర్టు చేతికొచ్చాక మళ్ళీ ల్యాబ్ వైపే కాళ్ళు లాగితే, ఆ ఫోన్ చేయండి.