గుడ్డ కేపా, పోత కేపా? స్టాచ్యూ బట్టలతో వచ్చే సమస్యలు - పరిష్కారాలు

మాది ఒడిశాలో బరంపురం. గోపాల్‌పూర్ సముద్రం ఇక్కడికి దాదాపు 15 కిలోమీటర్లే, వానాకాలంలో అప్పడాల డబ్బా మూత పెట్టడం మర్చిపోతే సాయంత్రానికి అన్నీ మెత్తబడిపోతాయి. అలాంటి ఊళ్ళో ఉండి నేను సూపర్ హీరోల స్టాచ్యూలు కొంటున్నాను, అందులో కొన్నిటిని కాపాడుకున్నాను, కొన్నిటిని చేజేతులా పాడుచేసుకున్నాను. ఇచ్ఛాపురం నుంచి, పర్లాకిమిడి నుంచి కొత్తగా మొదలుపెట్టిన కుర్రాళ్ళు అడిగేది ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "అన్నా, గుడ్డ కేప్ ఉన్నది తీసుకోవాలా, స్కల్ప్టెడ్ తీసుకోవాలా?" కేప్ అంటే హీరో భుజాల మీంచి వీపు వెనక వేలాడే అంగవస్త్రం లాంటిది. స్కల్ప్టెడ్ అంటే బట్ట కూడా బొమ్మతో పాటే అచ్చులో పోసి రంగు వేసింది. రెండు ఫొటోలు పంపి ఏది బాగుందో చెప్పమంటారు. ఫొటో చూసి చెప్పే విషయం కాదిది. ఆ బట్ట మీ ఇంట్లో రేపు ఎలా పాడవుతుందో తెలిస్తే ఏది కొనాలో దానంతటదే తేలిపోతుంది, అందుకే రోగాల దగ్గర్నుంచే మొదలుపెడుతున్నా.

బట్ట గోనెసంచిలా కనిపిస్తోంది

1/6 స్కేల్ అంటే సుమారు 30 సెంటీమీటర్ల బొమ్మ, 1/4 అంటే 45 దాకా. మనిషిని ఆరో వంతుకి కుదించారు సరే, దారాన్ని ఎవరు కుదిస్తారు? 0.2 మి.మీ. మందమున్న మామూలు కాటన్ పోగుని 1/6 బొమ్మకి వేస్తే, మనిషి లెక్కలో అది 1.2 మి.మీ., అంటే పురికొసతో నేసిన చొక్కా తొడుక్కున్నట్టే. కుట్టు 2 మి.మీ. ఉంటే అక్కడ 12 మి.మీ. అవుతుంది. జీన్స్ అయితే ఇంక చెప్పక్కర్లేదు.

దీనికి మందు పల్చటి గుడ్డ. మా ఊరికి పట్టు నగరమని పేరు, ఇక్కడి పట్టుకి 2012లో జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది, కాబట్టి నాకు ముక్కలకి లోటు లేదు. కానీ అంచు ఉన్న ముక్క, జరీ ఉన్న ముక్క ఎంత ముద్దొచ్చినా తీసుకోకండి, బొమ్మ మీద ఆ అంచు గోడకి కట్టిన తోరణంలా ఉంటుంది. సాదా పల్చటి పట్టు, లేదా బాగా సన్నటి మల్ గుడ్డ చాలు. అంచులు మడిచి కుట్టొద్దు, మడిస్తే మూడు పొరల మందం అవుతుంది. తెల్ల జిగురు నీళ్ళలో కలిపి అంచు వెంట సన్నగా రాసి, ఆరాక పదునైన బ్లేడుతో కోస్తే పోగులు లేవవు.

ఇక్కడే ఇంకో మాట. చేతులు కాళ్ళు కదిలే యాక్షన్ ఫిగర్‌కి గుడ్డ తప్పనిసరి, పోత ప్యాంటు వేస్తే మోకాలు వంగదు. స్టాచ్యూ కదలదు కదా. మరి దానికి ఒంటికి అతుక్కునే సూట్ గుడ్డతో ఎందుకు? చంకల్లో ముడతలు, నడుం దగ్గర సంచి, ఎంత లాగినా సరిపడదు. బిగుతు సూట్ అయితే నేను కళ్ళు మూసుకుని స్కల్ప్టెడ్ అంటాను.

కేప్ వేలాడకుండా గొడుగులా విచ్చుకుంది

గుడ్డ చిన్నదైనకొద్దీ దాని బరువు తగ్గిపోతుంది, కానీ బిరుసు అలాగే ఉంటుంది. మనిషి ఒంటి మీద కిందికి జారే గుడ్డ బొమ్మ మీద నిక్కబొడుచుకునేది అందుకే.

మా వీధిలో మగ్గం ఉన్న ఒక తాతగారికి చూపిస్తే, "గంజి పెట్టి మడతలు కట్టు, ఆరాక విప్పు, చచ్చినట్టు నిలబడుతుంది" అన్నాడు. నిజంగానే నిలబడింది, ఎంత అందంగా నిలబడిందంటే నాలుగు నెలలు వచ్చినవాళ్ళందరికీ చూపించాను. ఆ తర్వాత చూస్తే కేప్ వెనకాల చిల్లులు. పాత పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగు ఉంటుందే, దానికి గంజి అంటే విందుభోజనం, బొద్దింకకి కూడా. తాతగారి తప్పేం లేదు, ఆయన గంజి పెట్టేది ఉతికే చీరకి, నా కేప్ ఉతికేది కాదు.

కాబట్టి గంజి బదులు ఫెవికోల్ లాంటి తెల్ల జిగురు, ఒక వంతుకి నాలుగైదు వంతుల నీళ్ళు. ముందు ఓ ముక్క మీద పరీక్షించండి, ఎక్కువైతే గుడ్డ అట్టలా అవుతుంది, మెరుపు కూడా వస్తుంది. కేప్‌ని బొమ్మ మీంచి తీసి, తడిపి, ప్లాస్టిక్ కవర్ చుట్టిన సీసా మీద కుచ్చిళ్ళు సర్ది, దారంతో వదులుగా కట్టి ఒక రాత్రి వదిలెయ్యండి. గుళ్ళో ఉత్సవ విగ్రహానికి చీర కట్టే పూజారి చేతులు ఎప్పుడైనా గమనించారా? పై మడత ఒక్కటే గట్టిగా బిగిస్తారు, కిందివి వదులుగా వదిలేస్తారు. అదే పద్ధతి.

సూపర్ గ్లూ మాత్రం గుడ్డ దగ్గరికి తేవద్దు. నూలు మీద పడితే వేడెక్కుతుంది, పొగ వస్తుంది, చెయ్యి కాలుతుంది కూడా. కాలకపోయినా ఆ చోట రాయిలా గట్టిపడుతుంది, చుట్టూ తెల్లటి పొగమచ్చ మిగులుతుంది.

కేప్ అంచు వెంట గోధుమరంగు గీత

లోపలున్న ఇనప తీగ తుప్పు. ఉప్పుగాలి ఊళ్ళలో ఇది మామూలే. లేదంటే మీరు రోజుకో భంగిమలో వంచి వంచి ఒక చోట తీగ విరిగి గుడ్డలోంచి పొడుచుకొచ్చి ఉంటుంది, ఏ లోహమైనా ఒకే చోట పదే పదే వంచితే గట్టిపడి విరుగుతుంది. అంచు కుట్టు ఒక మూల విప్పి పాత తీగ లాగేసి, మోటారు వైండింగ్ షాపులో దొరికే ఎనామిల్ పూత ఉన్న రాగి తీగ ఎక్కించండి. 1/4 బొమ్మకి 18 నుంచి 20 గేజ్, 1/6కి 22, 24 (గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది). కోసిన చివర్లకి జిగురు బొట్టు పెట్టాలి, లేకపోతే అక్కడ పచ్చగా చిలుము పడుతుంది. గుడ్డ మీద పడిన తుప్పు మరక సంగతి అడక్కండి, నిమ్మకాయ ఉప్పు చిట్కా తెల్ల పంచెకి పని చేస్తుందేమో గానీ ఎర్ర కేప్ రంగు కూడా దాంతో పాటే పోతుంది.

లెదర్ జాకెట్ పొరలు పొరలుగా ఊడిపోతోంది

మందు లేని జబ్బు ఇదొక్కటే. అది తోలు కాదు, గుడ్డ మీద వేసిన పాలీయురిథేన్ పూత. గాలిలో తేమ మెల్లగా ఆ పూతని లోపల్నుంచి విడగొడుతుంది, దీన్ని హైడ్రాలిసిస్ అంటారు. బొమ్మని ముట్టుకోకపోయినా, పెట్టెలోంచి తియ్యకపోయినా ఇది ఆగదు. "నేను సీల్ కూడా తియ్యలేదే" అని తల పట్టుకున్నవాళ్ళని చూశాను, నాకూ ఒక పొడుగు కోటు అలాగే పోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా ఇంట్లో రోజుల తరబడి కరెంటు లేదు, గది తలుపులు మూసే ఉంచాం, ఆ తడిలో ఏం మొదలైందో గానీ మరుసటి వేసవికి మోచేతుల దగ్గర కరకరమని పెచ్చులు రాలడం మొదలైంది. కొబ్బరినూనె రాసి చూశాను. రాయకండి, ఇంకా జిడ్డై దుమ్ము పట్టింది.

పగుళ్ళు అప్పుడే మొదలైతే చేతులు వంచకుండా తిన్నగా పెట్టి, మెత్తటి యాక్రిలిక్ రంగుతో కప్పి కొన్నాళ్ళు లాగొచ్చు. రాలడం మొదలయ్యాక జాకెట్ తీసెయ్యడమే. కానీ పారెయ్యొద్దు, కుట్లు విప్పి ముక్కలు కాగితం మీద గీసుకుంటే కొత్తదానికి అదే కొలత. అసలు తోలు వెయ్యొచ్చా అంటే, 0.5 మి.మీ.కి చెక్కిన తోలు కూడా 1/6 లెక్కలో 3 మి.మీ. మందం, దున్నపోతు చర్మంలా ఉంటుంది. 1/4 బొమ్మకి ఫరవాలేదు. అందుకే తోలు బట్టల పాత్ర స్టాచ్యూ కొంటే స్కల్ప్టెడ్ కొనండి, మంచి పెయింటర్ చేసిన పోత జాకెట్ అసలు తోలు కంటే తోలులా ఉంటుంది.

ఒంటికి బట్ట రంగు అంటుకుంది

ముదురు ఎరుపు, నలుపు, నీలం. గుడ్డలో మిగిలిన అద్దకం మెల్లగా పీవీసీ (వినైల్ అనే మెత్తటి ప్లాస్టిక్), సిలికాన్ ఒంట్లోకి దిగుతుంది, వేడికి ఇంకా త్వరగా. కొన్న రోజే తెల్ల దూదిని తడిపి బట్ట లోపలివైపు రుద్ది చూడండి, దూది రంగు మారితే బట్టకీ ఒంటికీ మధ్య పల్చటి పాలిథిన్ పొర పెట్టండి. మరక అప్పటికే పడిందా, రంగు వెయ్యని వినైల్ అయితే మొటిమలకి వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ రాసి రోజుల తరబడి ఓపిక పడితే తగ్గుతుంది. పెయింట్ మీద మాత్రం వద్దే వద్దు.

గుడ్డ మీద బూజు, అల్మరాలో ముక్కిపోయిన వాసన

చిన్న డిజిటల్ తేమ మీటరు కొని లోపల పెట్టండి. అంకె 65 శాతం దాటి రోజుల తరబడి అక్కడే ఉంటే బూజుకి దారి తెరిచినట్టే, 40 నుంచి 55 మధ్య ఉంటే టెన్షన్ లేదు. అద్దాల అల్మరాలో సిలికా జెల్ పెట్టి, రంగు మారినప్పుడల్లా వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. బూజు పట్టిన బట్టని తడిగుడ్డతో తుడవకండి, లోపలికి పాకుతుంది. ఆరుబయట, నీడలో, మెత్తటి బ్రష్‌తో దులపాలి, మూతికి గుడ్డ కట్టుకుని.

మన ఇళ్ళలో పట్టుచీరల మధ్య కలరా ఉండలు వేసే అలవాటుంది కదా, అమ్మ ప్రేమగా నా అల్మరాలోనూ వేసింది. ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లని మెత్తబరుస్తుంది. గుట్టుగా తీసేశాను, ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

స్కల్ప్టెడ్ బట్టకి రోగాలు ఉండవా?

ఉంటాయి, కానీ త్వరగా తేల్చెయ్యొచ్చు. కేప్‌కీ భుజానికీ మధ్య సందు ఉంటే ముందు అది పీవీసీనా, రెజినా (అచ్చులో పోస్తే రాయిలా గట్టిపడే పదార్థం) చూడండి. పీవీసీ అయితే 70, 80 డిగ్రీల నీళ్ళలో కాసేపు ఉంచి, సరిగ్గా అమర్చి, చల్లటి నీళ్ళలో ముంచితే ఆ ఆకారంలో నిలుస్తుంది. రెజిన్‌ని వంచాలని చూస్తే విరుగుతుంది, దానికి ఎపాక్సీ పుట్టీతో (రెండు భాగాలు కలిపితే గట్టిపడే ముద్ద) సందు పూడ్చి రంగు కలపడమే దారి. పల్చటి అంచు విరిగితే ముక్క దాచుకోండి, ఎపాక్సీతో అతికితే గీత కూడా కనిపించదు. పీవీసీ జిడ్డుగా తగులుతుంటే లోపలి మెత్తబరిచే నూనె పైకి వస్తోందన్నమాట, గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడిగి గాలి ఆడేలా పెట్టండి, మళ్ళీ వస్తే మళ్ళీ కడగండి. ఇక మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే వానాకాలంలో కొడితే తేమకి తెల్లగా మసకబారుతుంది, మా దగ్గరైతే దసరా దాటేదాకా డబ్బా ముట్టుకోను.

అసలు ఇబ్బంది బరువు. పెద్ద పోత కేప్ వెనక్కి లాగుతుంది, వేసవిలో బొమ్మ చీలమండ దగ్గర వంగిందంటే కారణం చాలాసార్లు అదే. పీఠం వెనకవైపు చిన్న ఆసరా పెట్టడం మర్చిపోకండి.

ఇంతకీ ఏది కొనాలి?

గుళ్ళో మూలవిరాట్టుకి వస్త్రం రాతిలోనే చెక్కి ఉంటుంది, మళ్ళీ దాని మీద పట్టుబట్ట కడతారు. మాసిన బట్ట మారుతుంది, రాతి బట్ట ఉంటుంది. నేను కొనేదీ ఆ లెక్కలోనే. ఒంటికి అంటుకునేవి, తోలు, కవచం, గాలికి ఎగురుతున్నట్టున్న కేప్, ఇవన్నీ స్కల్ప్టెడ్. కిందికి వేలాడే కేప్, పొడుగు అంగీ, ముసుగు, ఇవి గుడ్డవైనా సరే, అవి ఒకనాడు మార్చాల్సినవేనని ముందే అనుకుని కొంటాను. ఎండ పడే గోడ దగ్గర పెట్టేదైతే గుడ్డ జోలికే పోను, పట్టు ఎండకి రంగూ పోతుంది, పోగూ చచ్చుబడుతుంది.

ఇంకా తేలకపోతే అమ్మేవాళ్ళని ఒక్కటే అడగండి. కేప్ అయస్కాంతంతో అంటుకుని ఉండి తీస్తే ఊడి వస్తుందా, మెడ దగ్గర అతికేశారా? అతికేశామంటే, మన తీరప్రాంతంలో ఉన్నవాళ్ళు ఆ డబ్బు స్కల్ప్టెడ్ మీద పెట్టుకోవడం మంచిది.