సొల్లాల్‌కి కొరియా వాళ్లింటికి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

కొరియాలో సువాన్‌లోనో ఉల్సాన్‌లోనో ఉద్యోగానికో చదువుకో వచ్చిన మనవాళ్లని ఒకటి రెండేళ్లలో ఎవరో ఒకరు "సొల్లాల్‌కి మా ఊరు రండి" అని పిలుస్తారు. పిలిస్తే తప్పకుండా వెళ్లండి, చాంద్రమాన కొత్త సంవత్సరాన్ని అక్కడ ఇంట్లో వాళ్ల మధ్య కూర్చుని చూడాల్సిందే. కాకపోతే కొంచెం సిద్ధపడి వెళ్లండి.

తేదీ దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. చైనా క్యాలెండర్ చూసి సెలవు పెట్టొద్దు. ఎక్కువ ఏళ్లు రెండు దేశాలకీ ఒకే రోజు వస్తుంది గానీ, కొరియా గడియారం గంట ముందుంటుంది కాబట్టి అమావాస్య ముగిసే ఘడియ అర్ధరాత్రికి అటూ ఇటూ పడితే రోజే మారిపోతుంది. 2027లో చైనాకి ఫిబ్రవరి 6, కొరియాకి 7. పండగ రోజుకి ముందు రోజు, తర్వాతి రోజు కూడా సెలవే.

కేటీఎక్స్ అనే హైస్పీడు రైలు టికెట్లు పండగ కోసం విడిగా, కొన్ని వారాల ముందే తెరుస్తారు. మన సంక్రాంతి రైళ్లలాగే నిమిషాల్లో అయిపోతాయి. కారులో వెళ్తే సియోల్ నుంచి బుసాన్‌కి మామూలు నాలుగైదు గంటల దారి రెట్టింపు కూడా కావచ్చు, నిద్ర వస్తే ఆగడానికి హైవే పక్కన చోట్లు ఉంటాయి, మొహమాటపడకుండా ఆగండి. తెల్లవారుజామున వంతెనల మీద కనిపించని మంచు పొర ఉంటుంది, నెమ్మదిగా వెళ్లాలి. ఇల్లు వదిలేముందు గ్యాస్ కట్టేయండి. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ మాత్రం పూర్తిగా ఆపొద్దు, ఆ చలికి పైపులు గడ్డకడతాయి.

ఇప్పుడు అసలు విషయం, త్తొక్‌గుక్. పండగ పొద్దున తినే సూప్ ఇది, ఒక గిన్నె తింటే ఒక ఏడు వయసు పెరిగినట్టు. 2023 జూన్ నుంచి చట్టంలో వయసు పుట్టినరోజు లెక్కకి మారినా ఈ మాట మాత్రం పోలేదు. దీంతో రెండు జాగ్రత్తలున్నాయి.

మొదటిది మాంసం. ఎక్కువ ఇళ్లలో ఆ రసం గొడ్డు మాంసంతోనే కాస్తారు, పైన ముక్కలు కూడా వేస్తారు. తినని వాళ్లు ముక్కలు ఏరేస్తే సరిపోతుందనుకుంటారు, రసమే దానిది. "సోగోగి", అంటే గొడ్డు మాంసం, తిననని వారం ముందే చెప్పండి, పండగ పొద్దున గిన్నె ముందు కూర్చుని చెప్తే వండిన పెద్దావిడ నొచ్చుకుంటుంది. ఎండు చేపల రసంతోనో, సముద్రపు నాచుతోనో ఆవిడే వేరే గిన్నె చేసి పెట్టొచ్చు. జాప్‌ఛే అనే నూడుల్స్‌లో, అట్లలాంటి జొన్‌లలో కూడా మాంసం ఉండొచ్చు, అడగండి.

రెండోది ప్రాణానికి సంబంధించింది. అందులో తెల్లటి బిళ్లలు బియ్యప్పిండివే. అది వినగానే మనకి కుడుము గుర్తొస్తుంది, కానీ ఇవి అలా విరిగిపోవు, సాగుతాయి, ఒకదానికొకటి అతుక్కుంటాయి, పళ్లు సరిగ్గా లేని పెద్దవాళ్ల గొంతులోనూ పిల్లల గొంతులోనూ ఇరుక్కుంటాయి. నేను వెళ్లిన ఇంట్లో అమ్మమ్మగారు కూర్చోగానే కోడలు కత్తెర తెచ్చి, ఆవిడ గిన్నెలోనే ఒక్కో బిళ్లనీ మూడు ముక్కలు చేసింది. మన పిల్లలకీ, వెంట వచ్చిన మన అమ్మానాన్నలకీ అలాగే చేయండి. టీవీ చూస్తూ, నవ్వుతూ తినొద్దు.

ఇరుక్కుంటే, దగ్గగలిగినంతసేపు దగ్గనివ్వండి. మాట రాకుండా గొంతు పట్టుకుంటే ఒకరు అక్కడి అంబులెన్స్ నంబరు 119కి ఫోన్ చేయాలి, ఇంకొకరు ముందుకి వంచి వీపు మీద రెండు భుజాల మధ్య అరచేతి కింది భాగంతో 5 సార్లు గట్టిగా కొట్టాలి. రాకపోతే వెనక నుంచి చుట్టుకుని, బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ 5 సార్లు గుంజాలి, బయటికొచ్చేదాకా మార్చి మార్చి చేయాలి. స్పృహ తప్పితే పడుకోబెట్టి సీపీఆర్ మొదలుపెట్టాలి. ఏడాదిలోపు పసిపిల్లలకి పొట్ట నొక్కకూడదు, వీపు మీద కొట్టి ఛాతీ మధ్యలో నొక్కాలి. నీళ్లు తాగించొద్దు, కనపడని ముక్క కోసం వేలు పెట్టొద్దు.

తినడానికి ముందు ఛారే ఉంటే, అంటే పితృదేవతలకి నైవేద్యం, మన తద్దినం రోజులాగే అనుకోండి, అది అయ్యేదాకా బల్ల మీద ఏదీ ముట్టుకోకూడదు.

తర్వాత పెద్దలకి మొక్కడం, సెబే. కాళ్లు ముట్టుకోవద్దు, ఎదురుగా నేల మీద వంగితే చాలు. చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టాలి, మగవాళ్లకి ఎడమ చెయ్యి పైన, ఆడవాళ్లకి కుడి చెయ్యి పైన. మన మగవాళ్లకి ఎడమ చెయ్యి పైన పెట్టాలంటే మనసొప్పదు, అలవాటుగా కుడి వచ్చేస్తుంది, కానీ అది చావింట్లో పద్ధతి, కాబట్టి ముందు రాత్రే రెండుసార్లు చేసి చూసుకోండి. బతికున్నవాళ్లకి ఒక్కసారే మొక్కాలి, పోయినవాళ్లకే రెండుసార్లు.

మొక్కాక కూర్చుని పెద్దవాళ్ల దీవెన వినండి. డబ్బుల కవరు ఇస్తే రెండు చేతులా తీసుకోండి, అక్కడే విప్పొద్దు. ఆ ఇంటి పిల్లలు మీకు మొక్కితే మీరూ ఇవ్వాలి, కొత్త నోట్లయితే బాగుంటుంది, బ్యాంకులు మూసేలోపే మార్చి పెట్టుకోండి.