సొంతంగా స్పెయిన్ – 5వ పాఠం: గ్రనడాలో రోజును వెనక నుంచి లెక్కపెట్టడం

గ్రనడా ఊరి సంగతి నాలుగో పాఠంతో ముగించి, ఈసారి మిమ్మల్ని నేరుగా అల్పుహార్రా కొండపల్లెలకు తీసుకెళ్దామనుకున్నాను. పోయినసారి అభ్యాసానికి మీరు పంపిన ప్లాన్లు చదివాక ఆగిపోయాను. చాలామంది ఒకే చోట తడబడ్డారు. డల్లాస్ నుంచి అత్తగారిని, మామగారిని వెంటబెట్టుకుని నిజంగానే వెళ్లొచ్చిన ఒకావిడ అనుభవం చదివితే బాధేసింది. టికెట్ మీద 11:00 అని ఉంది. సరిగ్గా 11 గంటలకు అల్హంబ్రా (గ్రనడా కొండ మీది పాత రాజుల కోట) ప్రధాన ద్వారం దగ్గర ఉన్నారు. లోపల రాజప్రాసాదాల తలుపు చేరేసరికి 11:40 అయింది. ఆ టైమ్ దాటిపోయింది. ఎనిమిది నెలల ముందు నుంచి ఎదురుచూసిన సింహాల ప్రాంగణం చూడకుండానే వెనక్కి వచ్చారు.

తప్పు ఆవిడది కాదు, నా పాఠానిది. "టికెట్ మీద ఉన్న టైమ్‌కి అక్కడ ఉండండి" అని రాశాను. "అక్కడ" అంటే ఎక్కడో రాయలేదు. అందుకే ఈ పాఠంలో సగం దానికే ఇస్తున్నాను.

వీసా, విమానం, హోటల్ గురించి మళ్లీ చెప్పను. మాడ్రిడ్ నుంచి రైలు పట్టుకోవడం మొదటి పాఠంలోనే అయిపోయింది. ఊరు చేరారనుకుని మొదలుపెడుతున్నాను.

టికెట్ మీద టైమ్ ఎవరిది?

అల్హంబ్రా ఒక భవనం కాదు. కొండ మీద గోడ కట్టిన చిన్న ఊరు. పడమటి కొసన అల్కసాబా అనే కోట ఉంటుంది. దానికి కాస్త తూర్పున గ్రనడాను ఏలిన నస్రీద్ వంశపు ముస్లిం రాజుల ప్రాసాదాలు, వాటి పక్కనే తర్వాతి కాలపు స్పెయిన్ రాజు ఐదో చార్లెస్ 1527లో మొదలుపెట్టించిన రాతి భవనం. గోడ దాటి, పక్క కొండ వాలున హెనెరాలిఫే అనే వేసవి విడిది, దాని తోటలు. టికెట్ కౌంటర్లున్న ప్రధాన ద్వారం ఈ తోటల వైపు, అంటే తూర్పు చివర ఉంది. మీరు చూడాల్సిన ప్రాసాదాలు దాదాపు అవతలి చివర. మధ్యలో ఆగకుండా నడిస్తే పావుగంట నుంచి 20 నిమిషాలు. పెద్దవాళ్లు, పిల్లలు, ఫోటోలు ఉంటే అరగంట దాటుతుంది.

టికెట్ మీద అచ్చైన గంట నస్రీద్ ప్రాసాదాల తలుపుది. ప్రధాన ద్వారానిది కాదు, బస్ స్టాప్‌ది కాదు, సెక్యూరిటీ చెక్‌ది కాదు. ఇంకోలా చెప్తాను. తిరుమలలో దర్శనం టైమ్ ఇచ్చినప్పుడు ఆ టైమ్‌కి అలిపిరిలో ఉంటే చాలని ఎవరూ అనుకోరు కదా. కొండెక్కాలి, క్యూ కాంప్లెక్స్ దగ్గరికి చేరాలి అని లెక్క వేసుకుంటారు. ఇక్కడా అంతే. ఆ గంటకు మీరు ప్రాసాదం తలుపు ముందు వరసలో నిలబడి ఉండాలి, చేతిలో పాస్‌పోర్ట్ ఉండాలి. టికెట్ పేరు మీద ఇస్తారు కాబట్టి హోటల్ లాకర్‌లో పాస్‌పోర్ట్ వదిలి రావద్దు. అల్కసాబాకు, తోటలకు ఇలా గంట ఉండదు. ఆ రోజు తెరిచి ఉన్నంతసేపు ఎప్పుడైనా వెళ్లొచ్చు. అయితే ఒక్కోచోటికి ఒక్కసారే ప్రవేశం.

ఇంకో పొరపాటు ముగ్గురి ప్లాన్లలో కనిపించింది. తోటలు, అల్కసాబా మాత్రమే ఉండే టికెట్ ఒకటి వేరే ఉంది. ధర తక్కువ కాబట్టి కళ్లు అటే పోతాయి. అందులో నస్రీద్ ప్రాసాదాలు లేవు. 12 ఏళ్లలోపు పిల్లలకు డబ్బు అక్కర్లేదు గానీ వాళ్ల పేరున కూడా టికెట్ తీసుకోవాలి.

వెనక నుంచి లెక్క

మూడో పాఠంలో "రోజుకు ఒకే మేకు" అనుకున్నాం గుర్తుందా. కదిలించడానికి వీల్లేని గంట ఒక్కటి పెట్టుకుని, మిగతా రోజంతా దానికి వేలాడదీయడం. అల్హంబ్రా రోజున మేకు ప్రాసాదం తలుపే. మీలో చాలామంది "ఉదయం 8కి లేస్తాం, 9కి టిఫిన్..." అని ముందు నుంచి రాసుకొచ్చారు. అలా రాస్తే ప్రతి అడుగులో ఐదేసి నిమిషాలు జారి, ఆ భారమంతా చివర మేకు మీద పడుతుంది. వెనక నుంచి రాయండి.

టికెట్ 10:30కి అనుకుందాం. 10:15కి తలుపు దగ్గర వరసలో. 10:00కి న్యాయద్వారం దాటాలి. 9:30కి ప్లాసా నువేవా చౌకు నుంచి నడక మొదలు. 9:00కి ఆ చౌకు దగ్గరే కాఫీ, టమాటా పూసిన రొట్టె. 8:45కి గది తాళం. ఇది నా దారి, ప్రతిసారీ ఇలాగే వెళ్తాను. టికెట్ ముందే చేతిలో ఉంటే తూర్పున ఉన్న ప్రధాన ద్వారానికి పోనక్కర్లేదు. ప్లాసా నువేవా నుంచి గోమెరెస్ ఎక్కుడు వీధి పట్టుకుని, రాతిలో దానిమ్మలు చెక్కిన ద్వారం దాటి, చెట్ల నీడన పైకి నడిస్తే న్యాయద్వారం వస్తుంది. (స్పానిష్‌లో గ్రనడా అంటే దానిమ్మే.) 1348లో నస్రీద్ రాజు మొదటి యూసుఫ్ కట్టించిన ఆ ద్వారం నుంచి ప్రాసాదాలు కూతవేటు దూరం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే మాత్రం ఇసాబెల్ లా కాతోలికా చౌకు నుంచి సీ30 చిన్న బస్సు ఎక్కండి.

అదే ప్రధాన ద్వారం గుండా వెళ్తే పై లెక్కలో ప్రతి గంటనూ కనీసం 20 నిమిషాలు వెనక్కి జరపండి.

టికెట్ 16:00కి దొరికితే? ముందే తోటలు, అల్కసాబా చూసేసి ప్రాసాదాలను చివరికి ఉంచండి. కానీ జులై, ఆగస్టుల్లో ఆ ఎండలో తోటల్లో తిరగమని నేను ఎవరికీ చెప్పను. పైగా అక్కడ మధ్యాహ్నం భోజనం మొదలయ్యేదే దాదాపు రెండు గంటలకు, అంటే తినే టైమూ నడిచే టైమూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఉదయం స్లాట్ దొరికే రోజుకు ప్రయాణాన్నే జరుపుకోవడం నాకు ఇష్టం.

లోపలికి అడుగుపెట్టాక తొందర అక్కర్లేదు, మిమ్మల్ని ఎవరూ తరమరు. నేను నీళ్ల వెంట నడుస్తాను. కోమారెస్ ప్రాంగణంలో నీళ్లు అద్దంలా కదలకుండా ఉంటాయి. ఐదో ముహమ్మద్ కట్టించిన సింహాల ప్రాంగణంలో అవే నీళ్లు 12 రాతి సింహాల నోళ్లలోంచి వస్తాయి, చుట్టూ ఉన్న గదుల నుంచి సన్నటి కాలువలు ప్రాంగణం మధ్యకు చేరతాయి. చుట్టూ 124 పాలరాతి స్తంభాలు. ఈ కొండ మీద ఊట లేదు. దారో నది నీటిని ఎగువ నుంచి కాలువ తవ్వి పైకి తెచ్చారు. ఆ కాలువ లేకపోతే కోట మిగిలేదేమో గానీ రాజభవనం ఉండేది కాదు. గోడల మీద "దేవుడు తప్ప విజేత లేడు" అనే నస్రీద్ వాక్యం వందలసార్లు అరబిక్‌లో కనిపిస్తుంది. ఆ వాక్యం రాయించిన వంశంలో చివరివాడు బోఅబ్దిల్, 1492 జనవరి 2న స్పెయిన్ క్రైస్తవ రాజదంపతులు ఫెర్నాందో, ఇసాబెల్‌లకు ఊరు అప్పగించాడు. వాళ్లిద్దరి సమాధులు కింద ఊళ్లో రాజ చాపెల్‌లో ఉన్నాయి. అదే రోజు సాయంత్రం చూడండి, కథ పూర్తవుతుంది.

శాకాహారులకు ఒక్క మాట

గ్రనడాలో డ్రింక్ చెప్తే, అది కూల్‌డ్రింక్ అయినా సరే, చిన్న పళ్లెంలో తినడానికి ఏదో ఒకటి ఉచితంగా వస్తుంది. దాన్నే తాపా అంటారు. ఆ పళ్లెం రాకముందే చెప్పాలి. "సిన్ కార్నే" అంటే మాంసం లేకుండా అని. ఆ ఒక్క మాటతో సరిపెడితే పంది హామ్ ముక్కలో, ట్యూనా చేపో రావచ్చు. నాలుగూ కలిపి చెప్పండి: సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ పెస్కాదో, సిన్ అతూన్. ఇక్కడ త, ద లను మన త, ద ల్లాగే పలకండి, ట, డ వద్దు. ఈ విషయంలో తెలుగువాళ్ల నాలుకకు కష్టమే లేదు. నాకు అక్కడ బాగా నచ్చింది వేయించిన వంకాయ మీద చెరకు పాకం పోసిచ్చే బెరెన్‌హేనాస్ కోన్ మియెల్.

ఇక ఊరి బయటికి

అల్పుహార్రా అంటే సియెర్రా నెవాదా మంచుకొండల దక్షిణపు వాలు. ఈ కొండల్లో ఎత్తైన ముల్హాసెన్ శిఖరం 3,479 మీటర్లు. దాని పేరు బోఅబ్దిల్ తండ్రి ములే హాసెన్ నుంచి వచ్చిందంటారు. పొకేరా లోయలో పాంపనేరా, బుబియోన్, కాపిలేరా అనే మూడు తెల్లటి పల్లెలు ఒకదాని పైన ఒకటి ఉంటాయి. ఇళ్లకు బల్లపరుపు కప్పులు, వాటి మీద లౌనా అనే బూడిదరంగు మన్ను. మంచు కరిగిన నీరు అసేకియా అనే కాలువల్లో పొలాలకు పారుతుంది. ఆ మాట కూడా అరబిక్‌దే. ఆ కాలువలతో సేద్యం చేసిన మోరిస్కోలు (బలవంతంగా క్రైస్తవంలోకి మార్చిన ముస్లింలు, వాళ్ల సంతతి) 1568లో తిరగబడ్డారు. 1571కి ఆ తిరుగుబాటు అణిచివేశాక వాళ్లను ఇక్కడి నుంచి వెళ్లగొట్టి, ఉత్తరాది నుంచి కొత్తవాళ్లను తెచ్చి నింపారు. కాలువలు మాత్రం మిగిలాయి.

ఇక్కడ మేకు మారుతుంది. మీరు కదిలించలేని గంట తిరుగు బస్సుది. గ్రనడా నుంచి పాంపనేరాకు బస్సులో సుమారు రెండు గంటలు, రోజుకు కొన్ని సర్వీసులే. అందుకని ముందు చివరి బస్సు టైమ్ రాసుకుని దాని పైన మిగతాది కట్టండి. టైమ్ టేబుల్ చదవడానికి కొన్ని మాటలు చాలు: సాలిదా బయలుదేరడం, యెగాదా చేరడం, ఇదా వెళ్లడం, వ్వెల్తా తిరిగి రావడం, లునెస్ ఆ వియెర్నెస్ సోమ నుంచి శుక్ర, దొమింగోస్ ఇ ఫెస్తివోస్ ఆదివారాలు, సెలవులు. ఈ చివరి మాట పక్కన ఉన్న గంటలు వేరేగా ఉంటాయని మర్చిపోకండి.

కింద పాంపనేరాలో దిగి పైకి నడవొద్దు. బస్సులో నేరుగా 1,436 మీటర్ల ఎత్తున ఉన్న కాపిలేరాకు వెళ్లి, అక్కడి నుంచి బుబియోన్ మీదుగా కిందికి దిగండి. మెల్లగా గంటన్నర. చివరి బస్సుకన్నా ఒక బస్సు ముందే ఎక్కేలా చూసుకోండి.

అభ్యాసం

ఇద్దరు దంపతులు, 9 ఏళ్ల పాప, 72 ఏళ్ల శాకాహారి నాయనమ్మ. బస ప్లాసా నువేవా పక్కన. నవంబరులో రెండు రోజులు. మొదటి రోజు ప్రాసాదాల టికెట్ 12:00కి. అప్పుడు అల్హంబ్రా 18:00కే మూసేస్తారు. రాజ చాపెల్ కూడా అదే రోజు చూడాలి. రెండో రోజు ఆదివారం, కాపిలేరా వెళ్లి చీకటి పడకముందే బయలుదేరాలి. రెండు రోజులనూ 24 గంటల పద్ధతిలో, చివరి గంట నుంచి మొదటి గంట దాకా వెనక్కి రాయండి. ప్రతి గంట పక్కన ఆ గంట ఎవరిది, ఏ తలుపుది అని రాయాలి. నాయనమ్మ కూర్చునే చోట్లు, భోజనం ఎక్కడ అడుగుతారో, ఏ మాటలతో అడుగుతారో కూడా కావాలి. తర్వాత ప్రతి అడుగుకూ పది నిమిషాలు ఆలస్యం కలిపి మళ్లీ లెక్క వేయండి. మేకు కదిలితే మొదటి నుంచి మార్చి రాయండి. రెండు లెక్కలూ పంపండి. ఆరో పాఠం కోర్దోబా, అవి చూశాకే మొదలుపెడతాను.