లా సీటొచ్చిందా? ప్రైవేటు లోన్‌కు సంతకం పెట్టే ముందు

లాసెట్ ర్యాంకు చూసి సంబరపడ్డాక అసలు టెన్షన్ ఫీజు దగ్గర మొదలవుతుంది. ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ మెట్లెక్కే ముందు ఇవి చూసుకోండి.

ముందు బ్యాంకు. చదువు లోన్ల కోసం ఉన్న ప్రభుత్వ సైట్ విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లై చేయండి, 4 లక్షల దాకా సాధారణంగా తాకట్టు అడగరు. నల్లగొండలోనో మిర్యాలగూడలోనో బ్రాంచిలో "లా కోర్సుకు ఇవ్వం" అని నోటిమాటగా అంటే, అదే రాసివ్వమనండి.

కాలేజీకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉందా? లేకపోతే లోన్ సంగతే వద్దు.

లోన్ వడ్డీ, ఖర్చులు, షరతులు ఒకేచోట చూపే కాగితం, అంటే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అడిగి తీసుకోండి, 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ లోన్లకు అది తప్పనిసరి. అందులో ఉత్త వడ్డీ రేటు కాదు, ఖర్చులన్నీ కలిపిన ఏడాది రేటు (ఏపీఆర్) చూడాలి. మా తమ్ముడి లోన్‌లో మేం అడగని ఇన్సూరెన్స్ పేరు మీద 14 వేలు ముందే కోసుకున్నారు, తర్వాత వెతికితే ఆ ముక్క మూడో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో, సరిగ్గా మా నాయన సంతకం పైన ఉంది.

చదివినన్నాళ్లూ వడ్డీ కట్టాలా, అసలులో కలిపేస్తారా? జిల్లా కోర్టులో జూనియర్‌గా మొదట్లో వచ్చేది బస్సు ఛార్జీలకు, చాయ్‌కి సరిపోతే గొప్ప, ఈఎంఐ మాత్రం ఆగదు.

ఫ్లోటింగ్ రేటైతే (మధ్యలో మారుతుండే వడ్డీ) ముందే తీర్చినా పెనాల్టీ ఉండకూడదు, అదీ కాగితంలో చూసుకోండి.