రోజువారీ అలవాట్లు, 3వ పాఠం: వారమంతా ఒకే టైమ్‌కి లేవడం

గత పాఠంలో వారం రోజుల పట్టిక రాయమన్నాను. పడుకున్న టైమ్, సుమారుగా నిద్ర పట్టిన టైమ్, పక్క దిగిన టైమ్, ఈ మూడూ. ఆ పేజీ ముందు పెట్టుకుని ఈ పాఠం చదవండి. రాయడం కుదరనివాళ్లు గడిచిన మూడు నాలుగు రోజులవి గుర్తున్నంతవరకు ఇప్పుడే రాసుకోండి. మీ అంకెలు మీ కళ్ల ముందు లేకపోతే ఈ పాఠం చదవడం వరకే అవుతుంది, చేయడం అవ్వదు.

ఈ వారం నేర్చుకునేది ఒక్కటే. ఆదివారంతో సహా ఏడు రోజులూ ఒకే టైమ్‌కి లేవడం. వ్యాయామం, తిండి, ఫోన్, చదువు టైమ్‌టేబుల్ తర్వాతి పాఠాల్లో వస్తాయి. వాటన్నిటికంటే ముందు దీన్ని పెట్టడానికి కారణం ఉంది. లేచే టైమ్ రోజుకోలా ఉంటే వాకింగ్ అయినా చదువైనా రోజుకో వేళకు జరుగుతుంది. అలా జరిగే పని అలవాటు కావడం చాలా కష్టం.

ఒక నమూనా పేజీ చూద్దాం. పగలు ఉద్యోగం, సాయంత్రం గ్రూప్-2 ప్రిపరేషన్ చేసే మనిషి అనుకోండి. ఆ వారంలో మూడు రాత్రులు ఇలా ఉన్నాయి:

బుధవారం రాత్రి: పడుకుంది 12.45, నిద్ర పట్టింది 1.00, లేచింది 6.30.
శనివారం రాత్రి: పడుకుంది 1.30, నిద్ర పట్టింది 1.45, లేచింది 9.30.
ఆదివారం రాత్రి: పడుకుంది 10.30, నిద్ర పట్టింది 1.15, లేచింది 6.30.

చివరి వరుస మళ్లీ చూడండి. సోమవారం నుంచి బుద్ధిగా ఉండాలని ఆదివారం పదిన్నరకే లైట్ తీసేసి పడుకున్నారు. నిద్ర పట్టింది ఒంటిగంటంబావుకి. దాదాపు మూడు గంటలు అటూ ఇటూ దొర్లారు, ఫోన్ తీశారు, పెట్టారు, సిలబస్ గురించి టెన్షన్ పడ్డారు. సోమవారం ఐదుంబావు గంటల నిద్రతో ఆఫీసుకి వెళ్లారు. చాలామంది పట్టికల్లో ఈ వరుస ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. దాన్ని చూసి ‘నాకు క్రమశిక్షణ లేదు’ అనుకుంటారు. అది తప్పు. ఆ రాత్రి నిద్ర రాకపోవడానికి క్రమశిక్షణతో సంబంధం లేదు. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకు లేవడంతోనే ఆ రాత్రి సంగతి చాలావరకు తేలిపోయింది.

ఎలాగంటే, నిద్రను రెండు శక్తులు నడుపుతాయి. ఈ వివరణను 1982లో అలెగ్జాండర్ బోర్బేలీ అనే శాస్త్రవేత్త ఒక నమూనాగా ప్రతిపాదించారు. ఇప్పటికీ నిద్ర గురించి చెప్పేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు. మొదటిది నిద్ర ఒత్తిడి. మేలుకున్న క్షణం నుంచి అది పెరుగుతూ పోతుంది, పడుకున్నాక తగ్గుతుంది. తొమ్మిదిన్నరకు లేచిన మనిషికి రాత్రి పదిన్నరకు పదమూడు గంటల ఒత్తిడే పోగై ఉంటుంది. ఆరున్నరకు లేచి ఉంటే అదే వేళకు పదహారు గంటలది ఉండేది.

రెండోది శరీరంలోని గడియారం. మెదడులో, కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన, చిన్న కణాల గుంపు ఒకటి దీన్ని నడుపుతుంది. ఈ గడియారం కణాల లోపల ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు. మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, చాలామందిలో ఈ గడియారం చుట్టు 24 గంటల కంటే కొద్దిగా ఎక్కువ. అంటే దాని మానాన దాన్ని వదిలేస్తే రోజూ కాస్త కాస్త ఆలస్యమవుతుంది. రాత్రి ఇంకో గంట మేలుకోవడం తేలిక, గంట ముందు పడుకోవడం కష్టం అయ్యేది అందుకే. దీన్ని రోజూ సరిదిద్దే ముఖ్యమైన పని పొద్దుటి వెలుతురుది.

ఇంకొక మెలిక కూడా ఉంది. మామూలుగా నిద్ర పట్టే టైమ్‌కి ముందు రెండు మూడు గంటలు ఈ గడియారం మనల్ని బాగా మెలకువగా ఉంచుతుంది. ఒంటిగంటకు నిద్రపోయే అలవాటున్న మనిషి పదిన్నరకు పడుకుంటే సరిగ్గా ఆ మెలకువ గంటల్లోకి వెళ్లి పడుకున్నట్టే. నిద్ర రాకపోవడంలో వింత లేదు.

కాబట్టి రాత్రి వైపు నుంచి మొదలుపెట్టకండి. నిద్ర రమ్మంటే రాదు. లేవడం మాత్రం, ఎంత కష్టమైనా, మన చేతిలో పని. పొద్దున్న కొస గట్టిగా పట్టుకుంటే కొన్ని రోజుల్లో రాత్రి కొస దానంతటదే సర్దుకుంటుంది.

ఇక్కడ మన ఇళ్లలో వినిపించే మాట ఒకటి ఉంది. ‘తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివితే బుర్రకెక్కుతుంది.’ తాతలు చెప్పారు, నాన్నలు చెప్పారు, ఇప్పుడు వాట్సాప్‌లో కూడా వస్తోంది. దీన్ని కొట్టిపారేయను. తాతలకు అది నిజంగానే పనిచేసింది. కానీ వాళ్లు రాత్రి భోజనం ఏడు, ఏడున్నరకు కానిచ్చి ఎనిమిదిన్నర, తొమ్మిదింటికల్లా మంచం మీద ఉండేవాళ్లు. నాలుగింటికి ఏడు గంటల నిద్ర పూర్తయ్యేది. మనం వాళ్ల నాలుగింటిని తీసుకున్నాం, తొమ్మిదింటిని వదిలేశాం. పన్నెండుకు పడుకున్న పిల్లవాడిని నాలుగింటికి లేపి పుస్తకం ముందు కూర్చోబెట్టడం క్రమశిక్షణ అని నేను అనుకోను. నాలుగ్గంటల నిద్రతో చదివించడం వాడికి చేసే అన్యాయం.

ఎందుకు అన్యాయమో రెండు ప్రయోగాలు చెబుతాయి. 1924లో అమెరికాలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇద్దరు విద్యార్థుల చేత అర్థం లేని అక్షరాల జాబితాలు బట్టీ పట్టించారు. బట్టీ పట్టాక కొన్నిసార్లు పడుకోనిచ్చారు, కొన్నిసార్లు మేలుకుని మామూలు పనులు చేసుకోనిచ్చారు. అదే వ్యవధి తర్వాత అడిగితే, పడుకుని లేచినప్పుడు గుర్తున్నవి చాలా ఎక్కువ. ఆ తర్వాత వచ్చిన ఎన్నో పరిశోధనలు అదే దారిలో ముందుకెళ్లాయి. పగలు చదివినది గట్టిపడేది నిద్రలో. మొదటి సగం రాత్రిలో గాఢనిద్ర ఎక్కువ, తెల్లవారుజాము వైపు కలల నిద్ర ఎక్కువ. నాలుగింటి అలారం ఆ రెండో దాన్ని ఎక్కువగా కత్తిరిస్తుంది.

రెండో ప్రయోగం 2003లో అచ్చయింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కొందరిని రెండు వారాల పాటు రాత్రికి నాలుగు గంటలు, కొందరిని ఆరు, కొందరిని ఎనిమిది గంటలు పడుకోనిచ్చి, రోజూ ఏకాగ్రత పరీక్షలు పెట్టారు. ఆరు గంటలవాళ్ల తప్పులు రోజురోజుకీ పెరిగి, రెండు వారాలు తిరిగేసరికి రాత్రంతా అసలు నిద్రపోనివాళ్ల స్థాయికి చేరాయి. ఇంతకంటే ముఖ్యమైనది మరొకటి. తాము ఎంత దిగజారామో వాళ్లకు చాలావరకు తెలియలేదు. ‘నాకు ఆరు గంటలు సరిపోతుంది’ అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు అలాగే అనిపిస్తుంది. మీ పట్టికలో ఆరు, అంతకంటే తక్కువ వరుసగా కనిపిస్తే, మీకు ఎలా ఉందన్నది కాదు, అంకె ఏం చెబుతోందన్నది చూడండి. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలని నిద్ర వైద్యుల సంఘాలు చెబుతున్నాయి.

ఇక పని మొదలుపెడదాం.

మీ వారం మొత్తంలో అన్నిటికంటే ముందుగా లేవాల్సిన రోజు ఏది? ఆ రోజు ఎన్నింటికి లేవక తప్పదు? అదే మీ టైమ్. మిగతా ఆరు రోజులూ దానికే లేస్తారు. నల్లా నీళ్లు ఐదింటికి వచ్చే వీధిలో ఉండి, నీళ్లు పట్టే పని మీదే అయితే మీ టైమ్ ఐదు. అప్పుడు తొమ్మిదిన్నరకు పడుకునే వీలు ఇంట్లోవాళ్లు కల్పించాలి. ఆ మాట ఇంట్లో తప్పకుండా చెప్పండి. ఎందుకంటే రాత్రి పదకొండున్నరకు అందరూ తిన్నాక గిన్నెలు కడిగి పడుకునే అమ్మ, పొద్దున్న ఐదింటికి నీళ్లు పడుతున్న అమ్మ ఒక్కరే. ఆ ఐదున్నర గంటల నిద్రను ఏ అలవాటూ సరిచేయలేదు. పని పంచుకుంటేనే సర్దుకుంటుంది.

పోటీపరీక్షలకు చదివేవాళ్లు పరీక్ష వేళను చూసి లెక్క వేయండి. యూపీఎస్సీ ప్రిలిమ్స్ మొదటి పేపర్ ఉదయం 9.30కి మొదలవుతుంది. తొమ్మిదింటికి లేచే బుర్ర పరీక్ష రోజున ఒక్కసారిగా చురుగ్గా ఉండదు. నిద్ర మత్తు దిగడానికే మామూలుగా పావుగంట, అరగంట పడుతుంది. హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే వెళ్లేవాళ్లకు ఈ పాఠంలో సగం ఇప్పటికే అయిపోయినట్టు.

మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఐటీ కంపెనీల్లో అమెరికావాళ్లతో కలిసి పనిచేసేవాళ్ల లెక్క వేరు. అమెరికా తూర్పు తీరంలో ఉదయం పది అంటే మనకు వేసవిలో రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. కాల్స్ పదకొండు దాకా సాగితే ఐదింటికి లేవడం గురించి ఆలోచించకండి. ఏడున్నరో ఎనిమిదో పెట్టుకోండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పెట్టుకున్న టైమ్ మారకుండా ఉండడమే కావాల్సింది. షిఫ్టులు వారం వారం మారేవాళ్లు, పసిపిల్లల తల్లులు ఈ పాఠాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీకు కుదిరే పద్ధతి వేరే పాఠంగా ఇస్తాను.

ఇప్పుడు లేస్తున్న టైమ్‌కీ పెట్టుకున్న టైమ్‌కీ గంటకు మించి తేడా ఉంటే ఒకేసారి దూకకండి. రెండు మూడు రోజులకు పావుగంట చొప్పున ముందుకు జరపండి. ఎనిమిది నుంచి ఆరున్నరకు రావడానికి రెండు వారాల పైనే పట్టవచ్చు, పట్టనివ్వండి.

లేచాక మొదటి అరగంటలో, ఇంకా చీకటిగా ఉంటే తెల్లవారగానే, ఆరుబయట వెలుతురులో పది, పదిహేను నిమిషాలు ఉండండి. మేడ మీదో, వాకిట్లోనో, వీధి చివరి దాకా నడిచో. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. ట్యూబ్‌లైట్ గదిలో అది కొన్ని వందల లక్స్‌లకు మించదు. మబ్బు పట్టిన రోజున కూడా బయట కొన్ని వేల లక్స్‌లు ఉంటుంది. గడియారాన్ని దిద్దేది ఆ వెలుతురు. మన రెండు రాష్ట్రాల్లో ఏడాది పొడవునా ఏడింటిలోపు తెల్లవారుతుంది కాబట్టి ఇందుకు సాకులు తక్కువ. తెల్లవారాక వాకిలి ఊడ్చి ముగ్గు వేసేవాళ్లకు ఈ పని ఎలాగూ అయిపోతోంది.

రాత్రి మాత్రం నిద్ర వచ్చినప్పుడే పడుకోండి. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నట్టు, ఒత్తిడి సరిపడా పోగైన రోజు చాప మీదైనా నిద్ర పడుతుంది. అరగంట దాటినా పట్టకపోతే లేచి, తక్కువ వెలుతురులో కూర్చుని ఏదైనా తేలికైనది చదవండి, ఫోన్ వద్దు. కళ్లు మూతపడుతుంటే మళ్లీ పడుకోండి.

మొదటి వారంలో ఒకటి రెండు రాత్రులు తప్పకుండా పాడవుతాయి. పెళ్లి ఉంటుంది, రైలు ఆలస్యమవుతుంది, పక్కింట్లో మైకు మోగుతుంది. ఆ మర్నాడు కూడా అదే టైమ్‌కి లేవండి. ఈ పాఠంలో అన్నిటికంటే కష్టమైనది ఇదే, అన్నిటికంటే ఫలితం ఇచ్చేదీ ఇదే. మధ్యాహ్నం మూడింటిలోపు ఇరవై నిమిషాల కునుకు తీయండి, అలారం పెట్టుకుని మరీ. గంటన్నర పడుకుంటే రాత్రి నిద్ర మళ్లీ వెనక్కి జరుగుతుంది. చాలా తక్కువ నిద్రతో ఉన్న పొద్దున బండి నడపకండి, బస్సో మెట్రోనో ఎక్కండి. ఆదివారం మరీ తప్పదనుకుంటే గంట సడలింపు, అంతే.

హాస్టల్ గదిలో నలుగురుండి ఒకటే లైట్ ఉంటే గొడవ పడకుండా ఒక ఒప్పందానికి రండి. పెద్ద లైట్ పదకొండుకు ఆపేయాలి, తర్వాత చదివేవాళ్లు టేబుల్ ల్యాంప్ పెట్టుకోవాలి. అలారం దిండు కింద వైబ్రేషన్‌లో ఉండాలి.

ఒక్క జాగ్రత్త. గట్టిగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందని ఇంట్లోవాళ్లు చెబితే, ఎనిమిది గంటలు పడుకున్నా పగలు తూగుతుంటే, ఈ పాఠంతో సరిపెట్టుకోకండి. డాక్టర్‌కి చూపించండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు మంచి చికిత్స ఉంది.

ఈ వారం పట్టికలో పాత మూడు అంకెలతో పాటు రెండు కొత్తవి రాయండి. బయట వెలుతురులో ఎన్ని నిమిషాలు ఉన్నారు, ఆ రోజు చివరి టీ లేదా కాఫీ ఎన్నింటికి తాగారు. రెండోది ఎందుకో 4వ పాఠంలో తెలుస్తుంది. అందాకా టీ తగ్గించకండి, ఎప్పుడు తాగేది అప్పుడే తాగి టైమ్ మాత్రం రాయండి.